రక్తపు కేన్సరుకు రెండు సూదిమందులు

ప్రొద్దుటూరులో ఇళ్ల ముందరి కుండీలలోను, జమ్మలమడుగు వైపు పెన్న గట్టున గరుసు నేలలలోను, పులివెందుల పరిసరాలలో చీనీ తోటల అంచులలోను ఏడాది పొడవునా పూసే చిన్న మొక్క ఒకటి ఉన్నది. నీరు పోసినా పోయకపోయినా అది బ్రతుకుతుంది. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా దాని జోలికి పోవు. ఐదు రేకులతో తెల్లగానో, లేత ఊదారంగులోనో పూసే దాని పువ్వును చూడనివారు ఉండరు. అదే బిళ్ళగన్నేరు.

మేక ముట్టని ఈ ఆకులో ఉన్న ఒక పదార్థం పేరు విన్‌క్రిస్టీన్. పిల్లలకు వచ్చే రక్తపు కేన్సరుకు చేసే చికిత్సలో ఇది ముఖ్యమైన సూదిమందు. దీనితో పాటు వాడే మరొక సూదిమందు మెథొట్రెక్సేట్. అది నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టిన ఒక తెలుగువారి నాయకత్వంలోని ప్రయోగశాల నుంచి వెలువడినది. ఈ రెండు మందులూ కలిసి లక్షలాది పిల్లలను బ్రతికించినవి. అయితే వాటి మధ్య ఒక పెద్ద భేదం ఉన్నది. మెథొట్రెక్సేట్‌ను రక్తనాళంలోకి ఎక్కించవచ్చు. తగిన మోతాదులో వెన్నెముకలోని ద్రవంలోకి కూడా ఇవ్వవచ్చు. విన్‌క్రిస్టీన్‌ను రక్తనాళంలోకి తప్ప మరెక్కడికీ ఇవ్వరాదు. ఈ ఒక్క భేదం ఒక్క నిమిషం మరుపున పడినందువల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు అనేకం. ఈ మందులు కనుగొనడానికి కొన్ని సంవత్సరాలు పట్టినది. వాటిని ప్రమాదం లేకుండా వాడడం నేర్చుకోవడానికి అరశతాబ్దానికి పైగా పట్టినది. ఆ చరిత్ర తెలుసుకోదగినది.

తెల్లకణాల తిరుగుబాటు

మన ఎముకల మూలుగలో ప్రతి క్షణమూ లక్షల కొద్దీ రక్తకణాలు పుడుతూ ఉంటాయి. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి. తెల్లకణాలు రోగక్రిములతో పోరాడతాయి. సూక్ష్మమైన రక్తఫలకికలు గాయమైనచోట రక్తం గడ్డకట్టడానికి తోడ్పడతాయి. ఈ మూలుగలో ఒక తెల్లకణం అదుపు తప్పి, పెరిగి పెద్దది కాకుండానే రెండుగా, నాలుగుగా చీలిపోతూ ఉంటే, కొద్ది వారాలలో మూలుగ అంతా పనికిరాని లేతకణాలతో నిండిపోతుంది. మంచి కణాలకు చోటు ఉండదు. బిడ్డ పాలిపోతాడు, జ్వరం వదలదు, చర్మం మీద ఎర్రని చుక్కలు కనిపిస్తాయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. దీనినే ల్యుకీమియా అంటారు. 1845లో ఎడిన్‌బరోలో బెన్నెట్, బెర్లినులో విర్కో అనే వైద్యులు ఈ వ్యాధిని వేరువేరుగా వర్ణించారు. 1847లో విర్కో దీనికి ‘తెల్ల రక్తం’ అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టాడు.

పేరు పెట్టిన తరువాత నూరేళ్ల వరకు దీనికి సరియైన మందు లేదు. లండన్ మిషన్ వారు పందొమ్మిదో శతాబ్దం చివరలో జమ్మలమడుగులో స్థాపించిన ఆస్పత్రిలోనే గాదు, లండనులోని పెద్ద ఆస్పత్రులలో కూడా ఆనాడు ఈ వ్యాధికి వైద్యులు చేయగలిగినది స్వల్పమే. కొందరు పాషాణపు ద్రావణం ఇచ్చేవారు. దానితో కొందరికి కొంతకాలం ఉపశమనం కలిగినా వ్యాధి నయం కాలేదు. తీవ్రమైన ల్యుకీమియా సోకిన పిల్లలు సాధారణంగా కొన్ని వారాలలోనో, నెలలలోనో చనిపోయేవారు.

విషంలో నుంచి మొదటి ఆశ

మొదటి ఆశ యుద్ధరంగంలో వాడే విషం నుంచి కలిగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ అనే శాస్త్రజ్ఞులు మస్టర్డ్ వాయువుకు దగ్గరి పదార్థాలను పరీక్షిస్తూ, అవి తెల్లకణాలను నాశనం చేస్తున్నట్లు గమనించారు. 1942లో ఒక రోగికి ఆ జాతి పదార్థాన్ని సూది ద్వారా ఇచ్చి చూశారు. కణితులు కరిగినవి గాని కొద్ది కాలానికే మళ్లీ పెరిగినవి. 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారీ రేవు మీద బాంబులు పడి, ఒక ఓడలో రహస్యంగా దాచిన మస్టర్డ్ విషం బయటపడినప్పుడు, దానికి గురియైన నావికుల రక్తంలో కూడా తెల్లకణాలు తగ్గిపోయినవి. విభజన చెందే కణాన్ని రసాయనంతో చంపవచ్చునని దీనివల్ల తేలినది. అయితే మంచి కణాన్ని వదిలి చెడ్డకణాన్ని మాత్రమే కొట్టడం ఎట్లా అన్నది తేలలేదు.

ఎల్లాప్రగడ సుబ్బారావు

ఈ ప్రశ్నకు మరొక దారిలో సమాధానం వెదికినవారు ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నారు. స్ప్రూ అనే వ్యాధి ఆయన కుటుంబాన్ని పీడించినది. ఆ వ్యాధిలో ఆహారంలోని సారం ఒంటికి పట్టదు. రక్తం తగ్గి మనిషి క్షీణిస్తాడు. దానివల్ల సోదరుని కోల్పోయిన సుబ్బారావు తాను కూడా ఆ వ్యాధి పాలై కోలుకున్నారు. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. అక్కడ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని గుర్తించిన పరిశోధనలలో ఆయన పాత్ర గొప్పది. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు.

ఆయన పట్టుదలగా వెంటాడిన పదార్థాలలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దాని కథకు మన దేశంతో సంబంధం ఉన్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలకు వచ్చే ఒక విధమైన రక్తహీనతను పరిశీలించినది. ఈస్టు సారం ఇస్తే వారు కోలుకున్నారు. ఈస్టులోని ఆ గుణకారి పదార్థం ఏమిటో ఆనాడు తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఒక ఆమ్లాన్ని వేరు చేసి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని బృందం దానిని ప్రయోగశాలలో తయారు చేసినది. ఈస్టులో బొంబాయి స్త్రీలకు మేలు చేసినది ఈ విటమినే.

ఫోలిక్ ఆమ్లం చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలాలంటే ముందు తనలోని డి.ఎన్.ఏ.కు మరొక ప్రతి తయారు చేసుకోవాలి. ఆ పనికి ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. అది లేకపోతే విభజన ఆగిపోతుంది. కాబట్టి ఫోలిక్ ఆమ్లం వలె కనిపిస్తూ, దాని పని చేయని మారు పదార్థాన్ని కణానికి ఇస్తే ఏమవుతుంది? తాళంలో సరిపోని చెవి ఇరుక్కుంటే అసలు చెవి కూడా లోపలికి పోదు గదా! లెడర్లీలో డోరిస్ సీగర్ మున్నగు రసాయన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని తీసి దాని స్థానంలో అమైనో సమూహాన్ని పెట్టి 1947లో అమినోప్టెరిన్‌ను తయారు చేశారు. దానికి మరొక చిన్న మార్పు చేయగా అమెథొప్టెరిన్ వచ్చినది. నేడు మెథొట్రెక్సేట్ అని పిలిచేది దీనినే.

బోస్టనులో పదహారుమంది పిల్లలు

బోస్టను నగరంలోని పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. ల్యుకీమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలను ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకున్నట్లు ఆయనకు తోచినది. ఆయన ఈ వైఫల్యాన్నే ఆధారంగా తీసుకున్నాడు. ఫోలిక్ ఆమ్లం చెడ్డకణాలకు మేత అయితే, దాని విరోధి వాటిని మాడ్చాలి. లెడర్లీ నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను 1947 చివరి నెలలలో పిల్లలకు కండరంలోకి సూదిమందుగా ఇవ్వడం మొదలుపెట్టాడు.

1948 జూన్ 3న ఫలితాలు అచ్చయినవి. తీవ్రంగా జబ్బుపడిన 16 మంది పిల్లలలో 10 మందికి మెరుగు కనిపించినది. మంచం మీదనుంచి లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు. అయితే ఫార్బర్ తన వ్యాసపు శీర్షికలోనే ‘తాత్కాలికం’ అనే మాట వాడాడు. వ్యాధి తిరగబెట్టినది. మందు కూడా నష్టం చేసినది. పిల్లల నోళ్లు పుండ్లు పడినవి. దీనికి కారణం ఉన్నది. మూలుగ వలెనే నోటిలోపలి పొర, ప్రేగుల పొర, వెండ్రుకల కుదుళ్లు నిత్యమూ విభజన చెందే కణాలతో నిండినవి. మారు తాళపుచెవి చెడ్డకణాన్నీ మంచికణాన్నీ వేరు చేసి చూడదు. ఈ మందులతో వచ్చే నోటిపూత, జుట్టు రాలడం, రక్తకణాలు తగ్గడం అన్నీ ఈ కారణం వల్లనే.

ఫార్బర్ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు తన 53వ ఏట నిద్రలోనే మరణించారు. ఆ మందు ఎంతమందిని బ్రతికించగలదో చూసే అవకాశం ఆయనకు కలగలేదు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసినది.

మందుకు విరుగుడు

అమినోప్టెరిన్ మోతాదు కొంచెం హెచ్చితే ప్రాణం మీదికి వచ్చేది. 1950 తరువాత వైద్యులు దానిని వదిలి, కొంత నిలకడ గల మెథొట్రెక్సేట్ వైపు మళ్లారు. ఇది సురక్షితంగా వాడడంలో తీసుకున్న మొదటి మెట్టు. రెండవ మెట్టు విరుగుడు. 1948లో ఒక సూక్ష్మజీవి పెరుగుదలను గురించి పరిశోధిస్తున్నవారికి ఫోలినిక్ ఆమ్లం అనే పదార్థం దొరికినది. మెథొట్రెక్సేట్ కణంలో ఒక ఎంజైమును పట్టుకొని కదలనీయదు. ఫోలినిక్ ఆమ్లం ఆ ఎంజైముతో పని లేకుండానే కణానికి అందుతుంది. మూసిన ద్వారాన్ని తప్పించుకొని పెరటిదారిన వచ్చినట్లు అది మంచికణాలను కాపాడుతుంది.

ఈ విరుగుడు చేతిలో ఉన్నందువల్లనే వైద్యులు మెథొట్రెక్సేట్‌ను కొన్ని గ్రాముల వరకు రక్తనాళంలోకి ఎక్కించే ధైర్యం చేయగలిగారు. అయితే దానికి గడియారాన్ని చూసి చేసే క్రమం ఉన్నది. మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. మూత్రంలో ఆమ్లగుణం ఉంటే మందు స్ఫటికాలుగా మారి మూత్రపిండాల గొట్టాలలో అడ్డుపడుతుంది. అది బయటికి పోకపోతే రక్తంలో నిలిచిపోయి విషమవుతుంది. కనుక ముందు నుంచే సెలైను ఎక్కిస్తారు. మూత్రం క్షారగుణంతో ఉండడానికి సోడియం బైకార్బొనేట్ కలుపుతారు. ఇది మన వంటసోడాయే. సూదిమందుకు తగినట్లు శుద్ధి చేసినది. రక్తంలో ఎంత మందు మిగిలి ఉన్నదో నిర్ణీత వేళలలో కొలుస్తూ, అది పూర్తిగా తగ్గేవరకు ఫోలినిక్ ఆమ్లం ఇస్తారు. విరుగుడు ఆలస్యమైతే చెడిన కణాన్ని మళ్లీ బాగుచేయలేము. ఆ రోజులలో కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా ఈ మందును శరీరంలో నిలిపివేస్తాయి. కనుక వైద్యుని అడగకుండా జ్వరపు బిళ్ళ సైతం వేయరాదు.

ఆకులోని మందు

ఇక బిళ్ళగన్నేరు వద్దకు వద్దాం. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపం. అక్కడి నుంచి ఉష్ణదేశాలన్నిటికీ వ్యాపించినది. అనేక దేశాలలో దీని ఆకును మధుమేహానికి నాటుమందుగా వాడేవారు. 1952లో జమైకా నుంచి ఈ ఆకులు కెనడాకు చేరినవి. అక్కడ రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రజ్ఞుడు ఆకు రసాన్ని ఎలుకలకు ఇచ్చి చూశాడు. రక్తంలో చక్కెర తగ్గలేదు. కాని రసాన్ని సూది ద్వారా ఇచ్చిన ఎలుకలు కొద్ది రోజులలో అంటువ్యాధులతో చనిపోయినవి. పరీక్షిస్తే వాటి తెల్లకణాలు పడిపోయి ఉన్నవి. మూలుగ ఖాళీ అయినది. నోబుల్ తన ప్రయోగం విఫలమైనదని వదిలిపెట్టలేదు. తెల్లకణాలను తగ్గించే పదార్థం తెల్లకణాలు పెరిగే రోగానికి మందు కావచ్చును గదా! చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన వేరు చేసిన విన్‌బ్లాస్టీన్‌ను గురించి 1958లో ప్రకటించారు. అదే కాలంలో అమెరికాలోని లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వోబోడా, ఇర్వింగ్ జాన్సన్ అనేవారు అదే మొక్కను పరిశోధిస్తూ విన్‌క్రిస్టీన్‌ను కనుగొన్నారు. 1963లో అది అమెరికాలో వాడుకకు అనుమతి పొందినది. ఒక్క గ్రాము మందు తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఒక రోగికి ఒకసారి ఇచ్చేది మాత్రం సాధారణంగా 2 మిల్లీగ్రాములకు మించదు.

మధుమేహానికని, కేన్సరుకని ఈ ఆకును నమిలేవారు నేటికీ అక్కడక్కడ కనిపిస్తారు. నోబుల్ ఎలుకలు వారికి గుణపాఠం. ఆకులో పదుల సంఖ్యలో క్షారపదార్థాలు ఉన్నవి. వాటిలో ఏది ఎంత ఒంట్లోకి పోతున్నదో నమిలేవానికి తెలియదు. కొలిచి, శుద్ధిచేసి ఇచ్చినప్పుడే అది మందు.

విన్‌క్రిస్టీన్ పనిచేసే తీరు వేరు. కణం చీలేటప్పుడు దానిలో సన్నని గొట్టాల వంటి పోగులు ఏర్పడి క్రోమోజోములను రెండు వైపులకూ లాగుతాయి. విన్‌క్రిస్టీన్ ఆ పోగులను కట్టుకోనీయదు. కణం సగంలో ఆగి చనిపోతుంది. అయితే ఇవే పోగులు నాడీకణాలలో కూడా ఉన్నవి. వెన్నుపాము నుంచి కాలి వ్రేలి వరకు సాగిన నాడిలో ఇవి పట్టాల వలె ఉండి, కణానికి కావలసిన సరుకును చివరిదాకా చేరవేస్తాయి. అందువల్ల విన్‌క్రిస్టీన్ తీసుకునే పిల్లలకు వ్రేళ్లలో తిమ్మిరి, పాదం వ్రేలాడడం, మలబద్ధకం రావచ్చు. వైద్యుడు ప్రతిసారీ బిడ్డను మడమల మీద నడిపించి చూసేది అందుకే. మందు రక్తనాళం నుంచి ఒక్క చుక్క బయటి కండలోకి కారినా అక్కడ పుండు పడుతుంది. కనుక సూది సరిగా ఉన్నదో లేదో చూసుకొని గాని ఎక్కించరాదు. సూది వద్ద మంట పుట్టినదని బిడ్డ చెబితే ఆ మాట వెంటనే వినాలి.

రెండు మందులూ ఒకే గదిలో

ఈ మందులను కలిపి వాడడం మొదలైన తరువాత పిల్లల రక్తంలో వ్యాధి కనిపించకుండా పోయేది. కాని కొన్ని నెలలకు తలనొప్పితోను, వాంతులతోను మళ్లీ వచ్చేవారు. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉన్న ద్రవంలో చెడ్డకణాలు దాక్కొని ఉండేవి. రక్తంలోని అనేక పదార్థాలను మెదడులోకి రానీయకుండా ప్రకృతి ఒక కట్టడి ఏర్పరచినది. ఆ కట్టడి రోగకణాలకే రక్షణ అయినది. అందుచేత నడుము వద్ద వెన్నుపూసల మధ్యగా సన్నని సూది గుచ్చి, మెథొట్రెక్సేట్‌ను నేరుగా ఆ ద్రవంలోకి ఇవ్వసాగారు. దీని మోతాదు పిల్లలకు సుమారు 12 మిల్లీగ్రాములు మాత్రమే. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1962లో ప్రారంభమైన సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డోనాల్డ్ పింకెల్ ఈ వెన్నుసూదిని, తలకు కిరణ చికిత్సను, అనేక మందులను ఒక క్రమంలో చేర్చాడు. 1960ల చివరినాటికి సుమారు సగంమంది పిల్లలు పూర్తిగా నయమయ్యే స్థితి వచ్చినది. సంపన్న దేశాలలో నేడు నూటికి తొంబైమంది వరకు బ్రతుకుతున్నారు.

కాని ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉన్నది. చికిత్స క్రమంలో కొన్ని రోజులలో ఒకే బిడ్డకు రెండు సూదులు పడతాయి. విన్‌క్రిస్టీన్ చేతి రక్తనాళంలోకి, మెథొట్రెక్సేట్ నడుములోకి. రెండూ చిన్న సిరంజిలలో, ఒకే పళ్లెంలో, ఒకే గదిలోకి వచ్చేవి. ఒకదానికి బదులు మరొకటి చేతికి వస్తే ఏమవుతుంది? మన వాడుకలో రక్తనాళాన్నీ, నాడినీ ‘నరం’ అనే ఒకే మాటతో పిలుస్తాము. విన్‌క్రిస్టీన్ విషయంలో ఆ రెండూ ఒకటి కావు. రక్తనాళం ద్వారా వెళ్లిన విన్‌క్రిస్టీన్‌ను మెదడు ముందరి కట్టడి చాలావరకు ఆపుతుంది. వెన్ను ద్రవంలోకి నేరుగా పడితే ఆపేది ఏదీ లేదు. నాడుల లోపలి పోగులన్నీ విచ్ఛిన్నమవుతాయి. కాళ్ల నుంచి పైకి పక్షవాతం ప్రాకుతుంది. చాలామంది కొద్ది రోజులలో, వారాలలో మరణించారు. బ్రతికిన అరుదైనవారు కూడా కదలలేని స్థితిలో మిగిలారు. దీనికి నమ్మదగిన విరుగుడు లేదు.

ఇటువంటి పొరపాటు 1968లోనే వైద్యపత్రికకు ఎక్కినది. ఆ తరువాత కూడా ఆగలేదు. 2001లో ఇంగ్లండులో 18 ఏండ్ల యువకుడు ఒకడు ఇదే విధంగా మరణించాడు. అతని ల్యుకీమియా అప్పటికి అదుపులో ఉన్నది. తప్పు చేసినవారు నిర్లక్ష్యపరులు కానక్కరలేదు. విచారణలలో తేలినది ఏమిటంటే, అలసట, తొందర, అనుభవం లేని చేతులు, ఒకే విధంగా కనిపించే సిరంజిలు అన్నీ ఒకే రోజున కలిసి వచ్చాయి. సిరంజి మీద హెచ్చరిక చీటీ అంటించారు. అయినా పొరపాట్లు జరిగినవి. కనుక మనిషి జ్ఞాపకం మీద ఆధారపడని ఉపాయం కావలసి వచ్చినది.

ఆ ఉపాయం ఎంతో సులభమైనది. విన్‌క్రిస్టీన్‌ను సిరంజిలోకి తీయనే తీయవద్దు. దానిని చిన్న సెలైను సంచిలో కలిపి, కొద్ది నిమిషాలు బొట్లుబొట్లుగా రక్తనాళంలోకి ఎక్కించాలి. సంచిని చేతపట్టుకొని వెన్నులోకి సూది వేయాలని ఎవరికీ తోచదు. 2007లో హాంకాంగులో మరొక మరణం జరిగిన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతినే పాటించవలసినదిగా అన్ని దేశాలకూ హెచ్చరిక పంపినది. దీనికి తోడు అనేక ఆస్పత్రులలో వెన్నుసూది వేసే వేళను, గదిని వేరు చేశారు. మందు పేరు, రోగి పేరు, ఇచ్చే మార్గం ఇద్దరు వేరువేరుగా చదివి సరిచూసే నియమం పెట్టారు. మందు కలిపేవారి రక్షణ కూడా ముఖ్యమే. ఈ మందులతో పనిచేసే నర్సుల శరీరంలోకి కూడా కొంత చేరుతున్నట్లు 1979లో ఫిన్లండు పరిశోధకులు చూపిన తరువాత, చేతితొడుగులు, గాలిని అదుపు చేసే ప్రత్యేక బీరువాలు వాడుకలోకి వచ్చినవి.

మన ప్రాంతపు పిల్లలు

దక్షిణ భారతదేశంలో కేన్సరు చికిత్సకు పెద్ద కేంద్రాలు తొలిసారిగా ఏర్పడినది నగరాలలోనే. మద్రాసు అడయారులోని కేన్సరు సంస్థను డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి 1954లో ప్రారంభించారు. హైదరాబాదులో 1955లో కేన్సరు ఆస్పత్రి వెలసినది. కడప జిల్లా నుంచి రోగులు రైలెక్కి మద్రాసుకో, వేలూరుకో పోవలసి వచ్చేది. ఇటీవలి కాలంలో తిరుపతి కూడా వారికి అందుబాటులోకి వచ్చినది.

పశ్చిమ దేశాల చికిత్సాక్రమాన్ని ఉన్నది ఉన్నట్లు మన దేశంలో అమలు జరపడం సాధ్యం కాలేదు. 1984 నుంచి బొంబాయి, ఢిల్లీ, మద్రాసు కేంద్రాలు మన పరిస్థితులకు తగిన ఒక క్రమాన్ని అనుసరించగా సుమారు సగంమంది పిల్లలు వ్యాధి లేకుండా నిలిచారు. అంతకుముందు కంటే ఇది గొప్ప అభివృద్ధి. అయితే ఒక చేదు నిజం కూడా బయటపడినది. మన పిల్లలలో కొందరు వ్యాధి వల్ల గాక, చికిత్సలో తెల్లకణాలు తగ్గినప్పుడు సోకిన అంటువ్యాధుల వల్ల చనిపోయారు. వారిలో చాలామంది పోషణ తక్కువై, ఆలస్యంగా ఆస్పత్రికి చేరినవారు. మందు ఎంత మంచిదైనా, సూది వేసిన తరువాతి పది పదిహేను రోజులు బిడ్డను ఎవరు ఎట్లా కనిపెట్టి ఉన్నారన్న దానిమీద ఫలితం ఆధారపడి ఉంటుంది. ఆ రోజులు గడిచేది ఎక్కువగా ఊళ్లోనే.

అందుచేత ఇంటివారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నవి. చికిత్సలో ఉన్న బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకు మించిన జ్వరం వస్తే రేపటిదాకా ఆగరాదు. రాత్రియైనా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోయి, రక్తపు కేన్సరుకు సూదిమందు పడుతున్నదని మొదటి మాటగా చెప్పాలి. చికిత్స కాగితాలు ఎప్పుడూ వెంట ఉండాలి. ప్రొద్దుటూరులోనో, పులివెందులలోనో చూసే వైద్యునికి ఏ మందు ఏ తేదీన పడినదో ఆ కాగితమే చెబుతుంది. సూది వేసిన తరువాత రెండు రోజులు బిడ్డ మూత్రం, వాంతి శుభ్రం చేసేవారు చేతితొడుగులు వేసుకోవాలి. గర్భిణి ఆ పని చేయరాదు.

చివరి దశలో చికిత్స రెండేళ్ల వరకు ఇంట్లోనే మాత్రలతో సాగుతుంది. వాటిలో మెథొట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజు వేయవలసినది. మెర్కాప్టోప్యూరిన్ అనే మరొక మాత్ర రోజూ వేయవలసినది. ఈ రెండూ తారుమారై మెథొట్రెక్సేట్ రోజూ వేస్తే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. కీళ్లవాతానికి ఇదే మాత్ర వాడే పెద్దలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ‘సోమవారం మాత్రమే’ అని వారం పేరు మాత్రల డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుకోవడం మంచిది. ఇంట్లో చదవడం రానివారు ఉంటే, చదువుకునే పిల్లలు చదివి చెప్పవచ్చు.

ఉపాధ్యాయులకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. కొన్ని నెలల తరువాత బిడ్డ గుండుతో, సన్నబడి బడికి తిరిగి వస్తాడు. ఈ వ్యాధి ఒకరి నుంచి మరొకరికి అంటుకొనేది కాదని ముందుగా తరగతికి చెప్పాలి. ఆ బిడ్డ వల్ల ఇతరులకు ప్రమాదం లేదు. ఇతరుల వల్లనే ఆ బిడ్డకు ప్రమాదం. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మగాని, తట్టుగాని వచ్చినదని తెలిస్తే అదే రోజు తల్లిదండ్రులకు కబురు చేయాలి. ఆ కబురు సకాలంలో అందితే వైద్యుడు చేయగలిగినది చాలా ఉన్నది. మెట్లు ఎక్కేటప్పుడు బిడ్డ పాదం తగులుతున్నా, కలం పట్టడానికి వ్రేళ్లు తడబడుతున్నా, అది సోమరితనం కాదు. విన్‌క్రిస్టీన్ ప్రభావం కావచ్చు. సాధారణంగా అది కొన్ని నెలలలో తగ్గుతుంది. అంతవరకు ఆ బిడ్డకు పరీక్షలో కొంచెం ఎక్కువ సమయం ఇవ్వవచ్చు.